లాల్చీ మీద ఇంకొకటి

మొదటివారు: లాల్చీ మీద జాకెట్టు తొడిగితే తెలుగుదనం పోతుందన్న మాట నాకు మింగుడు పడదండీ. బడిగోడల మీద చూసిన పటాలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. వీరేశలింగంగారు, గురజాడవారు: ఒంటిమీద కోటు, తలకు పాగా, భుజం మీదుగా ఉత్తరీయం. సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు మెడదాకా గుండీలు పెట్టిన పొడుగుకోటు, పంచె, తలపాగాతోనే దేశదేశాలు తిరిగారు, రాష్ట్రపతి భవన్‌లోనూ అలాగే ఉన్నారు. ఒకదాని మీద ఒకటి వేసుకోవడం నిన్నమొన్న పెళ్లి ఫొటోలవాళ్లు మనకు నేర్పింది కాదు.

రెండవవారు: ఆ పటాలే నాకూ సాక్ష్యం. కోటు తొడిగారు, కండువా మాత్రం వదల్లేదు. కోటు లోపలికి పోయింది, కండువా పైనే నిలిచింది. ఇప్పుడు జరుగుతున్నది అది కాదు కదా. పోయిన వైశాఖంలో దగ్గరి చుట్టాల పెళ్లికి వెళ్లాను. పెళ్లికొడుకు ఒంటిమీద బనీను, దానిమీద పట్టులాల్చీ, దానిమీద మెడపట్టీ ఉన్న చేతుల్లేని జాకెట్టు, దానిమీద మోకాళ్లదాకా ముందు తెరిచి ఉన్న జరీకోటు. నాలుగు! ఎదురుగా హోమగుండం. కుర్రవాడి చెంపల మీదుగా చెమట కారుతోంది, వాళ్ల మేనమామ పక్కన కూర్చుని తుడుస్తున్నాడు. మధుపర్కాల వేళకు ఆ నాలుగూ విప్పి తెల్ల నూలుబట్ట కట్టుకున్నాక గానీ వాడి ముఖం తేటపడలేదు. మన ఎండకు, మన పీటలకు, మన పెళ్లితంతుకు సరిపడే బట్ట ఏదో ఆ ముఖమే చెప్పింది.

మొదటివారు: ఆ పిల్లవాడి కష్టం జాకెట్టు వల్ల కాదు, దాన్ని కుట్టిన తీరు వల్ల. మా నాన్నగారు దర్జీ. నలభై ఏళ్లు మిషను తొక్కారు. ఆయన పనితనం చూసి పెరిగినవాణ్ని కాబట్టి ఇది చెప్పగలను. మీరు చూసింది పాలియెస్టర్ జరీగుడ్డ అయి ఉంటుంది, లోపల లైనింగూ పాలియెస్టరే. ముందుభాగమంతా గమ్ముతో అంటించిన బక్రం. గాలి పోవడానికి దారేదీ? అదే జాకెట్టు పొందూరు ఖాదీతోనో మంగళగిరి నూలుతోనో కుట్టి, లైనింగు వీపు పైభాగానికి మాత్రం వేసి, బక్రం మెడపట్టీకీ గుండీల పట్టీకీ మాత్రం పెడితే, లాల్చీ మీద అది ఉన్నట్టే తెలియదు.

పొర మీద పొర వేయడానికి లెక్కలున్నాయి. కొలత బనీను మీద తీయకూడదు, లోపల వేసుకోబోయే లాల్చీ మీద తీయాలి. చంక కాస్త లోతుగా కోయాలి. లేకపోతే లాల్చీ చేయి అక్కడ ముడుచుకుని భుజం పైకి లేస్తుంది. రెండు మెడపట్టీలు ఒకే ఎత్తుంటే గొంతు దగ్గర కొట్లాట. లోపలిది నూలుపోగంత పైకి కనిపిస్తే చాలు. జాకెట్టు పిరుదు దగ్గర ఆగాలి, లాల్చీ దాని కింద జానెడుకు మించి దిగాలి. కింద గుండీ పెట్టకూడదు, పీటమీద కూర్చుంటే అది పొట్టను నొక్కి ముందుభాగాన్ని గడ్డందాకా తోస్తుంది. అన్నిటికన్నా పెద్ద లెక్క ఏమిటంటే, ఒక్క పొరే మాట్లాడాలి. జాకెట్టు ఇక్కత్ అయితే లాల్చీ తెల్లగా ఉండాలి. లాల్చీకి పని ఉంటే జాకెట్టు ఒకే రంగు. మీ పెళ్లికొడుకు ఒంటిమీద నాలుగూ ఒకేసారి అరిచాయి. దాన్ని పట్టుకుని జాకెట్టు జాతినంతటినీ కొట్టేస్తే ఎలా?

రెండవవారు: ఎండ విషయంలో నా మాట కొంత వెనక్కి తీసుకుంటాను. గాలాడే గుడ్డ, పల్చని కుట్టు ఉంటే ఒక జాకెట్టును ఒళ్లు భరిస్తుంది. కానీ మీరు కత్తెర దగ్గర మొదలుపెట్టారు, నాకున్న దిగులూ అక్కడే. పంచె, కండువా మగ్గం మీంచి దిగేటప్పటికే పూర్తయిన బట్టలు. అంచు ఎక్కడ రావాలో, కొస ఎక్కడ తేలాలో నేతగాడికి ముందే తెలుసు. కట్టుకున్నవాడు కుచ్చిళ్లు పోసుకుంటే అంచు పాదాల దగ్గర నిలబడుతుంది, భుజాన వేసుకుంటే కొస గుండె మీద పడుతుంది. మధ్యలో ఇంకో చెయ్యి లేదు. పుట్టపాక తేలియా రుమాలు చూశారుగా. నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నూలును రోజుల తరబడి నానబెట్టి, పడుగూ పేకా రెండిటికీ లెక్కప్రకారం ముడులు కట్టి రంగులు ఎక్కిస్తారు. నాలుగు పక్కలా అంచుతో ఆ చదరం మొత్తం కలిపితేనే ఒక బొమ్మ. దాన్ని మధ్యకు కోసి జాకెట్టు ఎడమముక్క, కుడిముక్క చేసి, మిగిలిన అంచును చెత్తబుట్టలో వేయడం నేను చూశాను. ఆ ముక్కలు చూసి నాకు నిద్రపట్టలేదంటే నమ్ముతారా?

మొదటివారు: నమ్ముతాను. రుమాలును కోసినవాణ్ని మా నాన్నగారు దుకాణం మెట్లు ఎక్కనిచ్చేవారు కారు. అయితే పోచంపల్లిలో జాకెట్ల కోసమే గజాల లెక్కన నేసే గుడ్డ ఉంది, దానికి కత్తెర అవమానం కాదు. గుండీల పట్టీ దగ్గర ఎడమవైపు గళ్లు కుడివైపు గళ్లతో కలిసేలా కోయడం కూడా విద్యే.

ఇంకోమాట ఆలోచించండి. పంచె కట్టని ఇరవై ఐదేళ్ల కుర్రవాడు నేతగాడి దగ్గర ఏం కొంటాడు? చేతుల్లేని జాకెట్టుకు సుమారు మీటరున్నర గుడ్డ సరిపోతుంది. తెల్లచొక్కా మీద వేసుకుని ఆఫీసుకు పోతాడు, ఉగాదికి లాల్చీ మీద వేసుకుంటాడు, స్నేహితుడి పెళ్లికీ అదే. పంచె ఏడాదికి రెండుసార్లు బీరువాలోంచి బయటికొస్తే, జాకెట్టు పదిహేను రోజులకోసారి వస్తుంది. నేతగాడి ఇంట్లో పొయ్యి ఏ బట్టతో వెలుగుతుందో మనం తీర్మానించగలమా? డాలస్‌లోనో న్యూజెర్సీలోనో జనవరి చలిలో సంక్రాంతి చేసుకునే మన పిల్లల సంగతి సరేసరి, అక్కడ ఒక్క కండువాతో వాకిలి దాటలేరు.

రెండవవారు: చలికి కప్పుకోవడాన్ని నేనెప్పుడు కాదన్నాను? దక్కన్ గొర్రెల నల్లబొచ్చుతో నేసిన గొంగడి మన గొల్లకురుమల ఒంటిమీద వందల ఏళ్లుగా ఉన్నదే. వానకు నెత్తిన కొప్పెర, చలికి దుప్పటి, మిట్టమధ్యాహ్నం చెట్టుకింద పక్క. కప్పుకునే బట్ట అంటే నా మనసులో ఉన్నది అదే: అవసరాన్ని బట్టి రూపం మార్చుకునేది. కండువా కూడా అంతే. చెమట తుడుస్తుంది, తలకు చుడితే పాగా, పరిస్తే ఆసనం, పసిబిడ్డ నిద్రపోతే ఊయల. మీ జాకెట్టు జాకెట్టుగా తప్ప మరొకటిగా బతకలేదు. ఒళ్లు పెరిగితే అదీ లేదు.

ఆ మాటకొస్తే పేరు చూడండి. నా చిన్నతనంలో జాకెట్టు అంటే ఆడవాళ్ల రవికే, మగవాళ్లది కోటు. ఈ చేతుల్లేనిదాన్ని మొదట నెహ్రూగారి పేరుతో పిలిచారు. 2018లో మన ప్రధాని దక్షిణ కొరియా అధ్యక్షుడికి కొన్ని పంపితే ఆయన వాటిని మోదీ పేరుతో మెచ్చుకున్నారు, దేశమంతా అది ఎవరి పేరిట ఉండాలన్న గొడవ. ఢిల్లీలో ఎవరుంటే వారి పేరు పెట్టుకునే బట్టను మనదిగా ఎలా ఎత్తుకోమంటారు?

మొదటివారు: పేరు ఢిల్లీదైతే కావచ్చు, కుట్టిన అంగీ మాత్రం మనకు చాలా పాతది. మధుర మ్యూజియంలో తల లేని కనిష్కుడి విగ్రహం ఉంది. లోపలొక నిలువు అంగీ, దానిమీద ముందు తెరిచిన పొడుగుకోటు, కాళ్లకు బూట్లు. పొర మీద పొర, దాదాపు పందొమ్మిది వందల ఏళ్ల కిందటే! అది ఉత్తరం, మధ్య ఆసియా నుంచి వచ్చినవాళ్ల వేషం అంటారా, సరే. మన శ్రీనాథుణ్ని తీసుకోండి. విజయనగరపు ప్రౌఢదేవరాయల కొలువుకు వెళ్లినప్పుడు కుళ్లాయి టోపీ పెట్టుకున్నానని, పెద్ద కూర్పాసం తొడుక్కున్నానని చాటువులో తనే చెప్పుకున్నాడు. కూర్పాసం అంటే కుట్టిన పై అంగీయే కదా. లేపాక్షి వీరభద్రాలయం కప్పు కింద నిలబడి తలెత్తి చూడండి. గుడి కట్టించిన విరూపణ్ణ, ఆయన పరివారం నిలువెత్తు తెల్ల అంగీలతో, పొడుగుటోపీలతో కనిపిస్తారు. విజయనగరంలో ఆ అంగీని కబాయి అనేవారు, అరబ్బులు ఖబా అన్న మాటే. ఆ తర్వాత హైదరాబాద్ షేర్వానీ ఉండనే ఉంది. అది ఒక మతంవాళ్ల బట్టగా మిగిలిపోలేదు. బూర్గుల రామకృష్ణారావుగారు షేర్వానీ వేసుకునే తెలుగు గ్రంథాలయాల కోసం తిరిగారు, ముఖ్యమంత్రీ అయ్యారు. ఆయన తెలుగుదనానికి ఏ లోటొచ్చింది?

నిజాం రాజ్యంలో షేర్వానీలకు వాడిన హిమ్రూ, లోపల నూలు, పైకి పట్టు తేలే మష్రూ చూడండి. ఒంటికి తగిలేది నూలు, లోకానికి కనబడేది పట్టు. ఒక్క బట్టలోనే రెండు పొరలున్నట్టు నేశారు! ఇంత ఆలోచన పెట్టిన చేతుల్ని పరాయివని ఎలా అంటాం?

రెండవవారు: పరాయివని అనను. బూర్గులవారి మాట విన్నాక అసలే అనలేను. కానీ శ్రీనాథుడు ఏ గొంతుతో ఆ మాట చెప్పాడో కూడా వినండి. అది సంబరం కాదు, మొర. పరాయి కొలువులో టోపీ పెట్టి, కోటు తొడిగి, నచ్చని తిండి తిని కూడా ఆదరణ దొరకలేదని ఆ రాజ్యలక్ష్మికే మొరపెట్టుకున్నాడు. కొలువు కోసం వేసుకున్న వేషం అది. అదే విజయనగరాన్ని ఏలిన కృష్ణదేవరాయలు తిరుమల కొండమీద ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ లోహవిగ్రహం చూశారుగా. ఒంటిమీద కబాయి లేదు. పంచె, నగలు, ఉత్త ఛాతీ. అంత పెద్ద చక్రవర్తి దేవుడి ముందుకు వచ్చేసరికి పై పొర విప్పేశాడు. పెళ్లిపీటలు కొలువా, గుడా? నా లెక్కన గుడి.

మొదటివారు: ఆ విగ్రహానికి తలమీద పొడుగుటోపీ అలాగే ఉంది, అదీ చెప్పండి. కింద పంచె, పైన కుళ్లాయి. సగం గుడి, సగం కొలువు ఒకే మనిషి మీద. విప్పాల్సింది విప్పాడు, ఉంచుకోవాల్సింది ఉంచుకున్నాడు. ఆయనకు లేని చిక్కు మనకెందుకు?

రెండవవారు: ...అది నేను ఎప్పుడూ ఆలోచించని సంగతే. ఆ టోపీని చూస్తూనే ఉన్నాను ఇన్నేళ్లుగా.

మొదటివారు: ఇంకొకటి ఉంది. ఇది వాదన కోసం చెప్పడం లేదు. మీరు కండువా అన్నప్పుడల్లా మీకు భుజం గుర్తొస్తుంది. నాకు మా తాతగారు గుర్తొస్తారు. దొర గడీ ముందునుంచి పోవాల్సి వస్తే చెప్పులు చేతపట్టుకుని, భుజం మీది కండువా తీసి నడుముకు చుట్టుకునేవారట. గడీ దాటిన తర్వాత మళ్లీ భుజం మీదికి. జారే బట్ట కదా, ఎవరైనా తీయించవచ్చు. కుట్టి, గుండీలు పెట్టిన కోటును వీధిలో నిలబెట్టి విప్పించడం అంత తేలిక కాదు. మా నాన్నగారు మొదటిసారి తన కోసం కోటు కుట్టుకుని అదే వీధిలో నడిచిన రోజు గురించి చనిపోయే ముందు కూడా చెప్పారు. అంబేడ్కర్‌గారి సూటును జనం విగ్రహాల్లో సైతం ఎందుకు విడవరో, నీలిరంగు ఎందుకు వేస్తారో మీకు తెలియనిది కాదు. తొడుక్కున్న బట్ట ఒక మనిషి చుట్టూ గీత గీస్తుంది. ఈ గీత దాటి రావద్దని చెబుతుంది. ఆ గీత అవసరం లేకుండా పుట్టినవాళ్లకు ఉత్తరీయం అందంగా కనిపిస్తుంది.

రెండవవారు: మీ తాతగారి మాటకు నా దగ్గర జవాబు లేదు. వెతకను కూడా. ఛాతీ మీద బట్ట ఎవరికి ఉండాలో, ఎవరి ముందు తీయాలో ఊరు నిర్ణయించిన రోజులు కండువా మడతల్లో ఉన్నాయి. నేను దాని నేతను చూశాను, జరీని చూశాను, ఆ మడతను చూడలేదు. ఒప్పుకుంటున్నాను.

అయినా ఒక్కమాట అననివ్వండి. తీయించడానికి పనికొచ్చిందే, కప్పడానికీ పనికొచ్చింది. ఊళ్లో ఒక మనిషిని గౌరవించాలంటే ఏం చేస్తాం? శాలువా కప్పుతాం. పక్కవాడు తన చేతులతో మన భుజాల మీద వేసే బట్ట ఇంకేముంది? సన్మానసభలో ఒక కవిని నిలబెట్టి చేతులు చాపమని జాకెట్టు తొడగలేం కదా. కొలతలు కావాలి. శాలువాకు, కండువాకు కొలత అక్కర్లేదు. బక్కవాడికైనా బొద్దువాడికైనా, ఏ కులంవాడికైనా ఒకే గుడ్డ. మీ నాన్నగారు వీధిలో కోటుతో నడిచిన తర్వాత ఎప్పుడో ఒకరోజు ఆయన భుజాల మీద ఎవరో శాలువా కప్పి ఉంటారు. కాదంటారా?

మొదటివారు: కప్పారు. దర్జీల సంఘంవాళ్లు. కోటు మీదే కప్పారు. ఆ ఫొటో మా ఇంట్లో ఉంది.

రెండవవారు: చూశారా, కోటు మీద కండువా. మనం మొదలుపెట్టిన పటాల దగ్గరికే వచ్చాం.

మొదటివారు: వచ్చాం గానీ ఆగలేదు. కండువా కప్పుకోవడమంటే ఇవాళ పేపర్లో అర్థం వేరే. ఫలానా నాయకుడు కండువా కప్పుకున్నాడంటే పార్టీ మారాడని. రంగు చూసి మనిషిని లెక్కకట్టే గుడ్డ అయింది. పెళ్లిళ్లలో అద్దెకు తెచ్చి, గంట తర్వాత తిరిగి ఇచ్చే జరీకండువాలూ చూస్తున్నాను. నేత లేదు, నూలు లేదు, భుజం మీద పిన్నీసుతో గుచ్చేస్తారు. పిన్నీసు పెట్టిన కండువాకూ కుట్టిన జాకెట్టుకూ తేడా ఏముంది చెప్పండి? అవసరాన్ని బట్టి రూపం మార్చుకోవడమే కదా దాని గుణం అన్నారు.

రెండవవారు: పిన్నీసు పెట్టినది కండువా కాదు. అది కండువా బొమ్మ. ఆ విషయంలో మీరు నాకన్నా నిక్కచ్చిగా ఉన్నారు, సంతోషం.

కానీ ఒక చోట మీ కుట్టుపని చేతులెత్తేస్తుంది. బ్రహ్మముడి. పెళ్లికూతురు కొంగు, పెళ్లికొడుకు ఉత్తరీయం కొస కలిపి ముడి వేయాలి. జాకెట్టుకు కొస ఏదీ? అన్ని పక్కలా మడిచి కుట్టేశారు కదా. నేను చూసిన ఆ పెళ్లిలోనే తర్వాత రాత్రి విందుకు మళ్లీ కోటు తొడిగారు. అప్పగింతల వేళకు ముడి కోసం కొస వెతికితే ఎవరో పరుగెత్తుకెళ్లి కండువా తెచ్చి ఆ జరీకోటు మీద పడేశారు. ఆ కుర్రవాడు దాన్ని పట్టుకున్న తీరు నాకు ఇంకా కళ్లముందుంది. తనది కాని సామాను మోస్తున్నట్టు.

మొదటివారు: ముడి దగ్గర నేను ఓడిపోయాను. దర్జీ కొడుకుగా చెబుతున్నాను, కుట్టుతో చేయలేని పని అదొక్కటి. రెండు బట్టల్ని ఎప్పటికీ కలిపి కుట్టగలం, విప్పదీసుకునేలా కలపలేం. పొడుగు షేర్వానీ పంచెతో నప్పదనీ ఒప్పుకుంటాను. అది కుచ్చిళ్లను, అంచును మింగేస్తుంది. దానికి చూడీదారే జోడీ. రాధాకృష్ణన్‌గారికి నప్పిందంటే మొత్తం తెలుపు కాబట్టి, ఏ అంచూ దాచాల్సిన అవసరం పడలేదు కాబట్టి. పంచె మీదికి వచ్చేదైతే పొట్టిజాకెట్టే, కుచ్చిళ్లు మొదలయ్యే చోట ఆగిపోయేది.

మా రెండోవాడి పెళ్లి వచ్చే మాఘంలో. వాడు షేర్వానీ అన్నాడు, నేను కాదన్నాను. పుట్టపాకలో జాకెట్టు కోసమే నేయించిన గుడ్డ తెచ్చాను. మా నాన్నగారి మిషను మీదే కుడతాను. లోపల తెల్ల లాల్చీ, కింద పంచె.

రెండవవారు: మాఘం అంటే అంత ఉక్క ఉండదు. గుడ్డకు అంచు వదిలారా?

మొదటివారు: అడుగున, లోపలివైపు మడిచి ఉంచాను. కోయలేదు.

రెండవవారు: అయితే కండువా నేను తెస్తాను. పిన్నీసు పెట్టనివ్వను. ముడి వేసే ముందు వాడి జాకెట్టు విప్పించి, భుజాన నేనే వేస్తాను.

మొదటివారు: విప్పించడమా? మా ఇంట్లో ఆ మాట అనకండి.

రెండవవారు: ...పొరపాటు. వాడు తనంతట తాను విప్పితే వేస్తాను.

మొదటివారు: విప్పకపోతే?